రెండు కుడి చెంపలు

నేను ముఖాలు బాగుచేస్తాను. డాక్టర్ని కాదు, అంత చదువు నాకు లేదు. ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, జనం తెచ్చిన ముఖాలను జనం కోరుకున్న ముఖాలుగా మార్చడం నా పని. మా వాళ్ళు దాన్ని టచింగ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మా పేటలో ఏ గోడ మీద ఏ ఫొటో వేలాడుతున్నా, అందులో కనీసం ఒక మొటిమ నా చేతుల్లో పోయి ఉంటుంది.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఏ ఫొటో అయినా బయటికి వెళ్ళే ముందు రెండు మెట్లు తెల్లబడాలి. మూడు మెట్లయితే గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. ఒక్క మెట్టయితే, ఫొటో సరిగ్గా రాలేదని వెనక్కి తెస్తారు. పనిలో చేరిన కొత్తలో నాకు మనస్సాక్షి అనేదొకటి ఉండేది. ఒక గుమాస్తాగారి ఫొటో ఉన్నదున్నట్టు ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పడేసి, "ఎవరిది ఇది?" అన్నాడు.

"మీదేనండి."

"నా ముఖం నాకు తెలీదా?"

వెనక నిలబడ్డ కస్టమర్లందరూ ఆయన వైపే మాట్లాడారు. అసలు ముఖం ఎదురుగానే ఉంది, అయినా ఒక్కరూ నా పక్షాన లేరు. ఆ సాయంత్రం మా ఓనరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"ఇది అబద్ధం కాదురా, మర్యాద. ఎదురుపడ్డ మనిషిని బాగున్నారా అని అడుగుతాం. నిజంగా బాగున్నాడో లేదో తెలుసుకుందామనా?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. అప్పటి నుంచి నా మనస్సాక్షి కూడా రెండు మెట్లు తెల్లబడింది. పదేళ్ళు గడిచేసరికి పేట పేటంతా ఒకే రంగులోకి వచ్చింది. ఒకడు తెల్లగా ఉంటే అందగాడంటారు. అందరూ తెల్లగా ఉంటే మిగిలినవాడిని ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అలా అడిగించుకున్నవాళ్ళంతా మళ్ళీ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను పెట్టిన రోగానికి నేనే మందు ఇస్తున్నానని అప్పట్లో తట్టలేదు. తట్టినా పెద్దగా బాధపడేవాడిని కాదేమో.

నా ముఖాన్ని మాత్రం వదిలానా? నా పాతికేళ్ళ నాటి జుట్టు ఒక ఫైల్లో భద్రంగా ఉంది. ఏటా నా ఫొటోకి దాన్నే తొడుగుతాను. మా ఆవిడకి ముందు పళ్ళ మధ్య సందు ఉంటే, పెళ్ళి ఆల్బంలోనే పూడ్చేశాను. ఆవిడ కంటి డాక్టరు దగ్గర రోగుల పేర్లు రాసే ఉద్యోగం చేస్తుంది. చూపు గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి. ఆల్బం మొదటి పేజీ చూసి, "ఈవిడ చాలా బాగుందండీ, పొద్దున్నే కాఫీ కూడా ఈవిడనే పెట్టమనండి" అని మూసేసింది. మళ్ళీ తెరవలేదు.

ఇక మా అత్త సంగతికి వస్తాను. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. నన్ను పెంచింది నాన్నకి అక్క, నా మేనత్త. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి పెంచింది. ఇప్పుడు ఆవిడకి డెబ్భై ఒకటి, మాతోనే ఉంటుంది. ఆవిడ ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా, వంకాయ రంగులో, పుట్టుకతో వచ్చిన మచ్చ ఉంది. పేటలో ఆవిడ పేరు చెబితే ఎవరని అడుగుతారు. చెంప మీద చెయ్యి పెట్టి చూపిస్తే, ఓహో ఆవిడా అంటారు.

టచింగ్ కాస్త చేతికి రాగానే నేను సొంతంగా చేసిన మొదటి పని ఆ మచ్చ తీసేయడం. ఊరికే చెరిపితే చెంప పిండిముద్దలా తయారైంది. అందుకని కుడి చెంపను కాపీ చేసి, అటుది ఇటు తిప్పి, ఎడమ వైపు అతికించాను. బ్రహ్మాండంగా కుదిరింది. ఫ్రేము కట్టించి తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎవరు నాన్నా ఈవిడ?"

"నువ్వే అత్తా."

"బాగుంది," అని, దాన్ని కుట్టుమిషను వెనక గోడకు తగిలించింది. మిషను దగ్గర కూర్చుంటే ఆ ఫొటో ఆవిడ వీపు వెనక పడుతుంది. వచ్చేపోయేవాళ్ళకి కనపడాలని అక్కడ పెట్టింది కాబోలనుకుని పొంగిపోయాను. ఆ తర్వాత మా ఇంట్లో తీసిన ప్రతి ఫొటోలోనూ అత్తకి రెండు కుడి చెంపలే. ఎడమ చెంప అనేది మా ఇంటి ఆల్బంలలో లేనే లేదు.

ఏడాదిగా అత్తకి మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు చక్కెర డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతికేది. కొన్నిరోజులు గడియారంలా ఉండేది, కొన్నిరోజులు నన్ను మా నాన్న పేరుతో పిలిచేది. ఒక సోమవారం పొద్దున, నేను చెప్పులు వేసుకుంటుండగా, "మిషనుకి బాబిన్ కొనుక్కొస్తా" అంది. సరే అన్నాను. చూపు ఆనక మిషను మూలపెట్టి రెండేళ్ళయిందనీ, బాబిన్లు అమ్మే కొట్టు ఎత్తేసి నాలుగేళ్ళయిందనీ నాకు తెలుసు. అయినా సరే అన్నాను, స్టూడియోకి ఆలస్యమవుతోందని. మధ్యాహ్నం మా ఆవిడ భోజనానికి ఇంటికి వస్తే, అత్త లేదు.

వీధులన్నీ తిరిగాం. కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వాళ్ళు అత్తని చూడలేదు. మా ఆవిడ ఆసుపత్రులకు ఫోన్లు చేసి, "పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పదండి" అంది.

"పోలీసులెందుకు, నలుగురూ ఏమనుకుంటారు. ముందు పోస్టర్లు వేద్దాం. అది మన చేతిలో పని కదా," అన్నాను.

మన చేతిలో పని. నా నోటితో నేనే అన్నాను ఆ మాట. స్టూడియోకి పరిగెత్తి, ఉన్న ఫొటోల్లో మంచిది ఎంచాను. మా స్టూడియో పాతికేళ్ళ వేడుకలో తీసింది, అత్త కాస్త నవ్వుతూ ఉంది. చెంపలు రెండూ అప్పటికే కుడివే. పెద్దది చేసి చూస్తే కళ్ళ కింద ముడతలు మిగిలి ఉన్నాయి. వాటిని తీశాను. మెడ దగ్గర నీడ ఉంటే సరిచేశాను. రెండు మెట్లు తెల్లబరిచాను. అలవాటు చొప్పున ఇదంతా చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి ఎండలో ఎక్కడో దారి తెలియక తిరుగుతుంటే, నేను ఫ్యాను కింద కూర్చుని ఆవిడ ముడతలు తీశాను. పుర్రెలో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది వాటితోనైనా పోతుందో లేదో.

మా ఓనరు వెనక నిలబడి చూసి, "బాగా వచ్చింది" అన్నాడు. ఫొటో కింద అత్త పేరు, మా ఇంటి నంబరు, నా ఫోన్ నంబరు వేసి మూడు వందలు ప్రింటు తీశాం. సాయంత్రంలోగా బస్టాండు దాకా ఉన్న ప్రతి స్తంభానికీ అంటించి, మిగిలినవి అక్కడివాళ్ళకి పంచాను.

మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు ఫోన్లు వచ్చాయి. మొదటావిడ ఆ ఫొటో ఏ స్టూడియోలో తీయించారని అడిగింది, వాళ్ళ అమ్మాయికి కావాలట. రెండో ఆయన, ఆవిడ టీచరుగా రిటైరయ్యారా అని అడిగి, కాదంటే నిరుత్సాహపడ్డాడు. మూడో ఆయన గొంతు సవరించుకుని, "ఆవిడ దొరికాక, అంటే తప్పకుండా దొరుకుతారనుకోండి, ఆవిడకి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నాలుగో ఫోను పార్కు కాపలాదారుది. అచ్చం ఫొటోలో ఉన్నావిడే ఇక్కడ బెంచీ మీద కూర్చుందన్నాడు. నేను ఆటోలో పరిగెత్తాను.

ఆవిడ నిజంగానే కూర్చుని ఉంది. తెల్లగా, నున్నగా, ముడతల్లేకుండా, రెండు చెంపలూ ఒక్కలాగే. పక్కన ఆవిడ భర్త వేరుసెనక్కాయలు ఒలిచి ఇస్తున్నాడు. కాపలాదారు పోస్టర్ ఆవిడ ముఖం పక్కన పెట్టి, "చూడండి సార్" అని నావైపు గర్వంగా చూశాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, పోలిక బాగానే కుదిరింది. భర్తగారు లేచి నిలబడేసరికి నేను క్షమాపణ చెప్పి బయటపడ్డాను. పేటలో ఎక్కడా లేని మనిషిని తయారుచేశాననుకున్నాను, ఉందన్నమాట. మా అత్తే కాదు.

అక్కడి నుంచి మా ఆవిడని తీసుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. ఫిర్యాదులు రాసుకునే రైటరు పెద్దమనిషి, నిదానంగా మాట్లాడతాడు. వయసు, ఎత్తు, కట్టుకున్న బట్టలు అన్నీ రాసుకుని, "గుర్తులేమైనా ఉన్నాయామ్మా?" అన్నాడు.

"ఎడమ చెంప మీద పెద్ద మచ్చండి, అరచెయ్యంత," అంది మా ఆవిడ.

ఆయన పోస్టర్ చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

"ఎక్కడమ్మా?"

మా ఆవిడ నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"అది... తీసేశామండి."

"తీసేశామంటే? ఆపరేషనా?"

"కాదండి. కంప్యూటర్లో."

రైటరు పెన్ను పక్కన పెట్టాడు. "మరైతే మీరు ఎవరి కోసం వెతుకుతున్నారు సార్?"

ఆయన వెటకారంగా అడగలేదు. ఏ గడిలో ఏం రాయాలో తెలియక అడిగాడు. స్టూడియో పేరు చెబితే, "ఓ అదా, మా పెద్దమ్మాయి ఫొటో అక్కడే తీయించాం. భలే వచ్చింది" అని మెచ్చుకున్నాడు కూడా. అంతలోనే గుర్తొచ్చినట్టు, "అయితే ఆవిడ అసలు ముఖం ఉన్న ఫొటో ఒకటి తెచ్చివ్వండి" అన్నాడు.

ఇంటికొచ్చి అల్మారా గుమ్మరించాం. పదకొండు ఆల్బంలు, గోడ మీద ఫ్రేములు ఆరు. అన్నీ నా చేతి చలవే, అత్త గుర్తింపు కార్డులోదీ, నేను పనిలో చేరకముందు తీసినవీ కూడా. స్టూడియో కంప్యూటర్లో అసలు ఫొటోలు ఉంటాయనుకుంటారేమో, ఉండవు. కస్టమరు సరేననగానే అసలుది చెరిపేయడం మా పద్ధతి, రేపు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవలవుతాయని. నా ఫోన్ కెమెరా సంగతి సరేసరి, నొక్కగానే తనంతట తానే మచ్చలు తుడిచేలా పెట్టుకున్నాను. ఫొటోలు తీసేవాడి ఇంట్లో పెంచిన మనిషి ఫొటో ఒక్కటీ లేదు. వంటవాడి ఇంట్లో పిల్లలు పస్తులున్నట్టుంది నా బతుకు.

"మచ్చ తీయడం వచ్చినవాడికి పెట్టడం రాదా," అనుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రంగు కలిపాను. అత్త ఎడమ చెంప మీద ఒక గుండ్రటి మరక గీశాను. మా ఆవిడ వెనక నుంచి చూసి తల అడ్డంగా ఊపింది.

"గుండ్రంగా ఉండదండీ. పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడుతుంది. చెవి వైపు అంచు గీత గీసినట్టుంటుంది. కంటి కింద చిటికెన వేలి గోరంత తెల్లటి ఖాళీ ఉంటుంది, మచ్చ మధ్యలో. మీకు తెలీదా?"

నాకు తెలీదు. నలభై ఐదేళ్ళుగా చూస్తున్న ముఖం. నా చేత్తో వందసార్లు చెరిపిన మచ్చ. చెరిపేటప్పుడు కూడా దాన్ని చూడలేదు, కుడి చెంపను చూసి తెచ్చి దీని మీద కప్పాను. ఎందుకు తెలీదా అని కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నేను అత్తతో నడిచినప్పుడల్లా ఆవిడకి కుడి పక్కన నడిచాను. బస్సులో కుడి పక్కన కూర్చున్నాను. భోజనాల దగ్గర కుడి పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ అలా అనుకుని చేయలేదు. చేశాను, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా ముసుగులో గుద్దులాటవుతుంది. మూడో తరగతిలో అత్త నన్ను తీసుకెళ్ళడానికి స్కూలు గేటు దగ్గరికి వచ్చేది. పిల్లలు చెంప మీద సిరా పూసుకుని నాముందు తిరిగేవాళ్ళు. ఒకరోజు అత్తతో, "నువ్వు గేటు దగ్గరికి రావద్దు, సందు చివర నిలబడు, నేనే వస్తా" అన్నాను. ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి సందు చివర, గోడ పక్కన, ఎడమ చెంప గోడ వైపు పెట్టుకుని నిలబడేది. ఐదేళ్ళు అలాగే నిలబడింది. ఆ పిల్లలంతా ఇప్పుడు నా కస్టమర్లే. వాళ్ళ మొటిమలు తీసిపెడుతున్నాను.

నేను తల వంచుకుని కూర్చున్నాను. మా ఆవిడ "ఉండండి" అని తన ఫోను తీసింది.

మూడు నెలల కిందట వంటింట్లో సింకు కింద గొట్టం కారింది. ప్లంబరుకి చూపించడానికి మా ఆవిడ వీడియో తీసి పంపింది. నిమిషంన్నర వీడియోలో నిమిషం ఇరవై సెకన్లు గొట్టమే. చివర్లో అత్త బకెట్టు పట్టుకుని వస్తుంది. "ఆ పొడుగాటి వాణ్ణి పిలవకండమ్మా, పోయినసారి కారని గొట్టాన్ని కూడా విప్పి పోయాడు" అంటూ వంగి, కిటికీ వైపు తిరుగుతుంది. అక్కడ నాలుగు సెకన్లు, వెలుతురు తిన్నగా ఎడమ చెంప మీద పడుతుంది. పైన వెడల్పు, కింద సన్నం, కంటి కింద చిన్న తెల్లటి ఖాళీ. మా ఇంట్లో అత్త ఉన్న బొమ్మ అదొక్కటే. అదీ ఎవడో ప్లంబరు కోసం తీసింది.

అందులోంచి ఒక బొమ్మ తీసుకుని స్టూడియోకి వెళ్ళాం. మసకగా ఉంది, పక్కన సగం బకెట్టు కనపడుతోంది. మా ఓనరు చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేం బాగుందిరా. కాస్త శుభ్రం చెయ్యి. కనీసం బకెట్టయినా తీసెయ్. మన దగ్గర వేసిందని తెలిస్తే పేరు పోతుంది."

నేను తిరగబడి ఏదో గొప్ప మాట అన్నానని చెప్పుకోవాలని ఉంది. అనలేదు. నిజానికి ఆయన చెప్పకముందే నా చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది, బకెట్టు కోసం కాదు, వెలుతురు రెండు మెట్లు పెంచడం కోసం. మా ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని, నా చెయ్యి మీద చెయ్యి వేసి, ప్రింటు మొత్తం అయ్యేదాకా తీయలేదు. పెళ్ళయిన కొత్తలో కూడా అంతసేపు నా చెయ్యి పట్టుకోలేదు.

బుధవారం పొద్దున్నే రెండో పోస్టరు అంటించడం మొదలుపెట్టాం, గంటకి ఫోను వచ్చింది. బస్టాండు వెనక, దిక్కులేనివాళ్ళు తలదాచుకునే హాలు ఒకటుంది, దాని వార్డెను. "బకెట్టు పట్టుకున్న పెద్దావిడ మా దగ్గరే ఉంది. సోమవారం మధ్యాహ్నం నుంచి ఉంది, పేరడిగితే బాబిన్ కొట్టెక్కడని అడుగుతోంది. రండి," అంది.

పరిగెత్తాం. హాలు తలుపు మీద మొదటి పోస్టరు అంటించి ఉంది. నా నలభై నిమిషాల పనితనం, తెల్లగా మెరిసిపోతోంది. వార్డెను నడివయసావిడ, మెళ్ళో ఈల, చేతిలో రిజిస్టరు.

"ఇది సోమవారమే నేను అంటించానండీ," అంది తలుపు చూపించి. "జిగురు డబ్బా ఆ పెద్దమ్మే పట్టుకుంది. ఈవిడని ఎక్కడైనా చూశావా పెద్దమ్మా అని అడిగాను కూడా. లేదంది. పాపం ఎవరో, ఇంట్లోవాళ్ళు ఎంత కంగారు పడుతున్నారో అనుకున్నాం ఇద్దరం."

నేను లోపలికి వెళ్ళబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. మీ మనిషేనని నాకెలా తెలుస్తుంది? రెండు కాగితాల మీదా పేరొకటే ఉంది, ముఖాలు వేరు. పోయిన ఏడాది ఇలాగే ఎవరో వచ్చి ఇంకెవరినో తీసుకుపోయారు. మీరంతా కలిసి ఉన్న ఫొటో ఏదైనా చూపించండి."

ఫొటోలకేం తక్కువ. నా ఫోను తీసి ఇచ్చాను. ఆవిడ ఒక ఫొటో దగ్గర ఆగింది.

"ఈ జుట్టాయన ఎవరు?"

"నేనేనండి."

ఆవిడ నా తల వైపు చూసింది. ఎండ పడి మెరుస్తూ ఉండి ఉంటుంది.

"ఈవిడ?"

"మా ఆవిడ."

మా ఆవిడ పక్కనే నిలబడి, సందు కనపడేలా నవ్వింది, కావాలనే.

"మధ్యలో ఈ తెల్లావిడ?"

"అత్త."

వార్డెను ఇంకో నాలుగు ఫొటోలు జరిపి చూసి, ఫోను నాకు తిరిగి ఇచ్చేసింది. "ఈ ఫొటోల్లో ఉన్నవాళ్ళు ఒక్కరూ ఇక్కడికి రాలేదండీ," అంది.

ఇరవై ఆరేళ్ళ నా వృత్తికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. గుర్తింపు కార్డు తీశాను. అందులోనూ ఆ జుట్టే ఉంది. మా ఆవిడ ప్లంబరు వీడియో చూపించబోతుంటే, మా మాటలు విని లోపలి నుంచి అత్తే బయటికి వచ్చింది. చేతిలో సూది, భుజం మీద ఒక చిరిగిన దిండు గలీబు. హాల్లో దిండ్లన్నీ కుడుతోందట. ఆ ముఖం మీద పొద్దుటి ఎండ పడింది. నేను మొదటిసారి ఆ మచ్చను పైనుంచి కింది దాకా చూశాను.

"వచ్చావా. బాబిన్ దొరకలేదు నాన్నా. కొట్టు ఎత్తేశాడు, చెప్పనైనా లేదు," అంది.

"ఈయన ఎవరో తెలుసా పెద్దమ్మా?" అంది వార్డెను.

"తెలియకపోవడమేం. మా తమ్ముడి కొడుకు. ఆ బట్టతల చూస్తే తెలియట్లేదూ, వాళ్ళ నాన్నదే."

వార్డెను రిజిస్టరు తెరిచి నా చేత సంతకం పెట్టించుకుంది. మా ఆవిడ అత్తని కరుచుకుని భుజం మీద ముఖం పెట్టేసింది. అత్త సూది గుచ్చుకోకుండా చెయ్యి దూరంగా చాపి, రెండో చేత్తో కోడలి వీపు నిమిరింది. మిగిలిన దిండ్లు కుట్టాకే వస్తానని మొండికేస్తే, రేపు మళ్ళీ తీసుకొస్తానని మాటిచ్చి బయల్దేరదీశాను. మా ఆవిడ ఆటో కోసం ముందు నడిచింది. నేనూ అత్తా వెనక నెమ్మదిగా వస్తున్నాం.

నన్నొక ప్రశ్న తొలిచేస్తోంది. దానికి ఏ జవాబు రావాలో కూడా ముందే అనుకున్నాను. గుర్తు లేదు నాన్నా, అంటే చాలు. నేరమంతా మతిమరుపు మీదికి తోసేసి, నేను రాత్రికి హాయిగా నిద్రపోవచ్చు.

"అత్తా, ఆ తలుపు మీద కాగితం నువ్వే దగ్గరుండి అంటించావట కదా."

"ఆఁ. జిగురు పలచగా కలిపింది ఆ అమ్మాయి. నేనే చిక్కగా కలిపిచ్చాను."

"నీ కాగితమే అని తెలీలేదా?"

అత్త రోడ్డు మీద అటూ ఇటూ చూసి, బస్సు వెళ్ళేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"తెలీకేం. పేరు నాదే రాశారు. ఇంటి నంబరూ మనదే. మొత్తం చదివాను."

"మరి వార్డెనుకి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను నాన్నా? పేరు నాదైనా, ముఖం ఆవిడది వేశారు. ఇంట్లోవాళ్ళకి కావలసింది ఆవిడేమోలే, నేను వెళ్ళి తలుపు కొడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

కోపంగా అని ఉంటే తట్టుకునేవాడిని. నిష్ఠూరంగా అన్నా ఏదో ఒక జవాబు చెప్పేవాడిని. పిలవని ఇంటికి భోజనానికి ఎలా వెళ్తాం అన్నంత మామూలుగా అంది, అని నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.